రూతక్క రెండోసారి అడగదు

పోయిన వారం తిరువళ్ళూరులో ఒక పాత మేడ అద్దెకు తీసుకుని షూటింగ్ చేస్తున్నాం. పెళ్ళి సన్నివేశం. కొన్నేళ్ళ కిందటి పెళ్ళిలా కనిపించాలని మా కళాదర్శకుడు ఎక్కడినుంచో ఒక పాత హాలోజన్ లైటు పట్టుకొచ్చాడు. స్విచ్ వేయగానే దాని మీద పేరుకున్న దుమ్ము కాలి గదంతా ఒక వాసన కమ్ముకుంది. మాడిన దుమ్ము, అందులోనే ఏదో పురుగు రెక్క, వేడెక్కిన ఇనుము. యూనిట్లో అందరూ ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ వాసన వస్తే, పెళ్ళిళ్ళలో అలాంటి లైట్లే వెలిగించిన రూతక్క గుర్తొస్తుంది. రూతక్క గుర్తొస్తే నాకు ముందుగా వచ్చేది చిరాకే. ప్రేమ, గౌరవం లేవని కాదు. అవి ఆ తర్వాత తీరిగ్గా వస్తాయి. ఆవిడ నిక్షేపంగా బతికే ఉంది. స్టూడియో మూసేసి తిరునిన్రవూరులో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. ఇప్పటికీ ఫోన్ చేసి మరీ నన్ను విసిగిస్తుంది.

ఆవిడ గురించి తెలియని వాళ్ళకు కొంచెం చెప్పాలి. తిరుత్తణి బస్టాండు వెనక సందులో జిరాక్సు కొట్టుకీ సైకిలు షాపుకీ మధ్య ఆవిడ వీడియో స్టూడియో ఉండేది. తండ్రి రైల్వేలో గ్యాంగుమేను. స్టూడియో పెట్టింది భర్త. పెళ్ళయిన ఆరేళ్ళకే ఆయన జబ్బుచేసి పోతే, కెమెరా అమ్మేసి కుట్టుమిషను కొనుక్కోమని చుట్టాలందరూ సలహా ఇచ్చారట. ఈవిడ కుట్టుమిషను కొనలేదు. ఆ కెమెరా భుజాన వేసుకుని గుడి కొండ కింద మండపాల్లో పెళ్ళిళ్ళు తీయడం మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి, అయినా హిందూ పెళ్ళి తంతు అయ్యవార్లకన్నా బాగా తెలుసు. "సామీ, ఇంగా కంకణం కట్టలేదు" అని వేదిక కిందినుంచి అయ్యవారికే గుర్తుచేయడం నేను కళ్ళారా చూశాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా "అవునమ్మా" అని కంకణం అందుకున్నాడు.

నేను చెన్నైలో విజువల్ కమ్యూనికేషన్ చదివి, సినిమా తీసి తీరాలన్న పట్టుదలతో ఇంటికొచ్చాను. మా ఊరు తిరుత్తణికి పక్కనే, చెరకు తోటల మధ్య ఉంటుంది. ఇంట్లో వాళ్ళు బి.ఇడి. చేయమన్నారు. చేయనన్నాను. చుట్టుపక్కల కెమెరా అనేది ఉన్న చోటు రూతక్క స్టూడియో ఒక్కటే కనక అక్కడ చేరాను. చేరిన రోజు నా డిగ్రీ గురించీ, కాలేజీలో నేను తీసిన పది నిమిషాల సినిమా గురించీ చెప్పాను. ఆవిడ అంతా విని, మూలనున్న ట్రైపాడ్ చూపించి, "అది మోస్తావా?" అంది. మోశాను. ఆరు నెలలు మోశాను. ఆ ఆరు నెలల్లో కెమెరా నా చేతికి ఒక్కసారి కూడా ఇవ్వలేదు.

పెళ్ళికి వెళ్ళగానే ట్రైపాడ్ నిలబెట్టి, నన్ను పోయి చుట్టాలలో కూర్చోమనేది. ఎందుకని అడిగితే "సుమ్మా ఇరు" అనేది. ఊరకే ఉండు అని. ఆవిడకు తెలుగులో కోపం వచ్చేది, తమిళంలో ఓపిక వచ్చేది. నన్ను 'మే' అని పిలిచేది, ఒసే అన్నట్టు. నేను చుట్టాల మధ్య ఎవరో తెలియని దానిలా కూర్చుని, నన్ను ఏ వైపు బంధువని అడిగిన ముసలమ్మలకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుని, మూడు గంటలు గడిపి వచ్చేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పరీక్ష.

"పెండ్లికూతురి మేనత్త యాడ కూర్చోనుండె?"

"తెలీదక్కా."

"తమ్ముడికీ ఆమెకీ మాటల్లేవు. వచ్చిండాది గానీ వాకిలి పక్కన్నే కూర్చోనుండాది. అన్నం తినకండా పోయింది. నువ్వు చూడలే?"

"నేనెందుకు చూడాలక్కా? వీడియోలో ఆమె ఎందుకు?"

"ఇంగ నువ్వు పెండ్లిలో ఏం జూసినావు మే?"

నేను లైటింగు చూశాను, వేదిక మీది రంగులు చూశాను, ఫ్రేములు కట్టుకున్నాను. ఇవన్నీ చెప్పబోతే ఆవిడ అప్పటికే ఆటో డ్రైవరుతో ఉల్లిగడ్డల సంగతి మాట్లాడుతూ ఉండేది. ఒక్కోసారి ఏడుపొచ్చేది. డిగ్రీలో నాకు మంచి మార్కులు వచ్చాయి. ఇక్కడ మేనత్తలు ఎక్కడ కూర్చున్నారో చెప్పలేక ఫెయిలవుతున్నాను.

పని తిరువళ్ళూరు వైపు ఉంటే రైల్లో వెళ్ళేవాళ్ళం. ఆడవాళ్ళ పెట్టెలో ట్రైపాడ్ అడ్డంగా పెట్టుకుని, అందరిచేతా మాటలు పడుతూ కూర్చునేవాళ్ళం. అక్కడ ఆవిడకు ఒక ఆట ఉండేది. ఎదురుగా కూర్చున్న వాళ్ళలో ఎవరు ఏ స్టేషనులో దిగుతారో చెప్పాలి. మొదట్లో ఇది పిచ్చి అనుకున్నాను. ఆవిడ మాత్రం గడ్డంతో చూపించి, "ఆ నీలం చీర తిరువాలంగాడు. ఆ ముక్కుపుడక ఆమె కడంబత్తూరు దాకా కదలదు" అనేది. పది సార్లలో ఎనిమిది సార్లు సరిగ్గా చెప్పేది. ఎలా తెలుస్తుందని అడిగితే చెప్పేది కాదు. నేనే విసిగి విసిగి, చివరికి పంతంతో చూడటం మొదలుపెట్టాను. దిగబోయే మనిషి స్టేషను రాకముందే దిగిపోతుందని అర్థమయింది. కాళ్ళు చెప్పుల్ని వెతుక్కుంటాయి. సంచి పట్టు మారుతుంది. మాట నడుస్తూనే ఉంటుంది కానీ చూపు కిటికీలోకి వెళ్ళిపోతుంది. ఒకరోజు ఒక పూలమ్మే ఆమెను చూసి, "ఈమె ఇప్పుడు దిగుతుంది" అన్నాను. దిగింది. నేను రూతక్క వైపు గర్వంగా చూశాను. ఆవిడ కళ్ళు మూసుకుని నిద్రపోతోంది. ఇప్పుడు నటులకు ఒక గదిలోంచి ఎలా వెళ్ళిపోవాలో చెప్పేటప్పుడు నేను చెప్పేదంతా ఆ రైల్లో నేర్చుకున్నదే. నా డిగ్రీలో ఆ పాఠం లేదు.

మరో చిరాకు ఆవిడ అలమర. పాత క్యాసెట్లు, తర్వాత డిస్కులు, తర్వాత హార్డ్ డిస్కులు, అన్నీ అందులోనే. ఒక్కదాని మీదా పెళ్ళివారి పేరు గానీ తేదీ గానీ ఉండదు. పైగా రాసినదంతా తెలుగులో. నేను ఇంట్లో తెలుగు మాట్లాడేదాన్నే కానీ చదువంతా తమిళం. తెలుగు అక్షరాలు నాకు జిలేబీ చుట్టల్లా ఉండేవి. రూతక్కకు తెలుగు చదవడం వాళ్ళమ్మ బైబిలు మీద నేర్పింది. ఒకసారి ఎవరో దంపతులు వచ్చి తమ పెళ్ళి వీడియో ఇంకో కాపీ కావాలన్నారు. ఆవిడ చర్చి పని మీద వెళ్ళింది. నేను అలమర ముందు గంటసేపు కుస్తీ పట్టి, ఫోన్ చేసి ఏ పేరుతో ఉందని అడిగితే, "పేరు నాకేం తెలుసును మే? మామ ఏడ్చిన పెండ్లి అని రాసి ఉంటాది చూడు" అంది. ఆ దంపతుల ముందు ఆ మాట ఎలా అనను? నెమ్మదిగా, మామగారు ఏమైనా ఏడ్చారా అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వేసింది. "మా నాయన చచ్చేట్టు ఏడ్చినాడు గదా" అంది. దొరికింది. ఆ తర్వాత పట్టుబట్టి రెండు నెలల్లో తెలుగు చదవడం నేర్చుకున్నాను. నా మొదటి వాచకం ఆ అలమర. 'వాన పెండ్లి', 'సాంబారు చాలని పెండ్లి', 'తమ్ముడు రాని పెండ్లి'. ఇవాళ ఇది తెలుగులో రాస్తున్నానంటే ఆ దిక్కుమాలిన అలమరే కారణం.

ఏడాది తిరిగేసరికి రెండో కెమెరా నాకిచ్చింది. ఇచ్చేటప్పుడు ఒక్కటే చెప్పింది. "ఎవురినీ మళ్ళా చెయ్యమని అడగొద్దు. దొరికింది దొరికినట్ట. పోయింది పోయినట్ట." సరేనన్నాను. మిగతా వీడియోవాళ్ళందరూ దండలు రెండుసార్లు మార్పించేవాళ్ళు, తలంబ్రాలు నాలుగుసార్లు పోయించేవాళ్ళు. పెళ్ళికొడుకు గడ్డం పట్టుకుని మరీ తిప్పేవాళ్ళు. జనం కూడా దానికి అలవాటుపడి, కెమెరా వైపు చూసి "సరిగ్గా వచ్చిందా?" అని అడిగాకే కూర్చునేవాళ్ళు. ఈవిడ ఒక్కతే ఇలా. సరే, ఆవిడ చాదస్తం ఆవిడది అనుకున్నాను.

ఆ పెళ్ళి కొండ కింద ఒక పెద్ద మండపంలో జరిగింది. పొద్దున ఏడు, ఏడున్నర మధ్య ముహూర్తం. నేను వేదిక కుడివైపు, రూతక్క ఎడమవైపు. గట్టిమేళం మొదలైంది. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని వంగాడు. సరిగ్గా అప్పుడే పెళ్ళికొడుకు పిన్ని ఒకావిడ సెల్‌ఫోన్ ఎత్తి నా లెన్సు ముందుకు వచ్చి నిలబడింది. నేను పక్కకు జరిగే లోపల మూడు ముళ్ళూ పడిపోయాయి. నా తెరమీద ఉన్నదంతా ఆవిడ జడా, జడలో కనకాంబరాలూ. రూతక్క తీసి ఉంటుందిలే అని అటు చూశాను. ఆవిడ కెమెరా వేదిక మీద లేదు. కింద నిలబడి ఉన్న పెళ్ళికూతురి తండ్రి మీద ఉంది.

తాళి కట్టడం లేని పెళ్ళి వీడియో! వెంటనే వేదిక మీదికి వంగి పెళ్ళికొడుకుతో, "అన్నా, ఒక్క నిమిషం. ముడి దగ్గర మళ్ళీ చెయ్యి పెట్టండి, అంతే" అన్నాను. అతను నవ్వుతూ వంగాడు కూడా. పెళ్ళికూతురు తల పక్కకు తిప్పి ఫోటోకు చిరునవ్వు పెట్టింది. అప్పుడు వెనకనుంచి రూతక్క గొంతు.

"వేండాం, వద్దు. లెయ్ నాయనా. నువ్వు కట్టేసినావు, చాలు."

అంటూనే తన కెమెరా ఆపేసింది. పది మంది చూస్తుండగా నా కెమెరా కూడా ఆపేసింది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నేరుగా పెళ్ళికూతురి తండ్రి దగ్గరికి వెళ్ళి, "అయ్యా, తాళి కట్టేది మేము తప్పిపోయినాం. తప్పు మాదే" అని చెప్పేసింది. ఎవరూ అడగకముందే! ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరిచాడు. పెళ్ళికొడుకు చిన్నాన్న ఇంకా గట్టిగా అరిచాడు. మాకు ఎప్పుడూ పనులు చెప్పే మండపం మేనేజరు తల పట్టుకుని, ఇక మీదట ఈ గుమ్మం తొక్కవద్దన్నాడు. నిజంగానే మళ్ళీ పిలవలేదు. భోజనం కూడా చేయకుండా లైట్లు సర్దుకుని బయటపడ్డాం.

బస్టాండులో నేను ఆగలేకపోయాను. "పది సెకన్ల పనక్కా! అతను వంగాడు కూడా. ఎవరికి నష్టం?"

"తాళి నువ్వు చూసుకుంటావని నేను పిల్ల నాయన మొగం మీద ఉంటిని" అంది, నా ప్రశ్న విననట్టు.

"నేను తప్పే చేశాను. దిద్దుకోబోయాను. మీరు దిద్దుకోనివ్వలేదు."

ఆవిడ ట్రైపాడ్ కాళ్ళు ఒక్కొక్కటే ముడిచింది. తర్వాత అంది. "కట్టేటప్పుడు ఆ పిల్ల కింది పెదవి కొరుక్కోనింది. నువ్వు చూసినావో లేదో. కండ్లు మూసుకోనింది. నువ్వు మళ్ళా వంగమన్నప్పుడు నవ్వింది. ఆ నవ్వును నువ్వు తాళి అని చెప్పి వాళ్ళకిస్తావు. ఆ పిల్ల బతికినన్నాళ్ళూ దాన్నే చూస్తాది. రెండేండ్లు పోతే పెదవి కొరుక్కోనిండేది ఆమెకే గెవనం ఉండదు. నవ్వినాననే అనుకుంటాది."

"సినిమా అంటేనే అంత కదక్కా!"

"అట్లయితే సినిమాకి పో."

పోయాను. ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు మర్నాడే సంచి సర్దుకుని చెన్నై వెళ్ళిపోయాను. ఒక దర్శకుడి దగ్గర నాలుగేళ్ళు సహాయకురాలిగా పనిచేశాను. అక్కడ ప్రతిదీ మళ్ళీ. తలుపు తీయడం పదకొండు సార్లు, గ్లాసు కింద పెట్టడం పదిహేను సార్లు. నాకు స్వర్గంలా ఉండేది. తప్పితే ఏం, ఇంకోసారి ఉంది. ఆదివారాల్లో చర్చి అయ్యాక రూతక్క ఫోన్ చేసేది. సినిమాల గురించి ఒక్క ముక్క అడిగేది కాదు. "తిన్న్యావా?" అనేది. ఆ వెంటనే, నేను మానేసిన సంగతే తనకు తెలియనట్టు, "గురువారం తిరువాలంగాడులో చెవులు కుట్టే ఫంక్షను ఉండాది, వచ్చి రెండో కెమెరా పట్టుకుంటావా?" అనేది. "అక్కా, నేను ఇప్పుడు సినిమాలో ఉన్నాను" అని పళ్ళు బిగబట్టి చెప్పేదాన్ని. "అందుకే అడిగితిని, ఖాళీగా ఉంటావని" అనేది.

తర్వాత నా సొంత సినిమా. చిన్నది. మా ఊళ్ళోనే తీశాను. భూమి అమ్ముకుని పట్నం పోతున్న కుటుంబం, వాళ్ళింటి ముసలమ్మ. ఆ పాత్రకు నటిని తీసుకోకుండా మా చెరకు తోటలో పనిచేసిన చెంగమ్మను ఒప్పించాను. ఆమె సినిమా చూసిందే తక్కువ. ఏది చెప్పినా చేసేది, చేసి నీడకు పోయి కూర్చునేది. ఒక సన్నివేశంలో ఆమె పెంచిన పాడి ఎనుమును మినీ లారీలోకి ఎక్కించి తీసుకుపోతారు. ఆమె నిలబడి చూడాలి, అంతే. నేను చెప్పింది అంతే. లారీ కదలబోతుంటే ఆమె ముందుకు వచ్చి, లారీ కమ్మీల సందులోంచి చెయ్యి పెట్టి దాని వీపు మీద వేసింది. లారీ కదిలింది. చెయ్యి తీయకుండా నాలుగడుగులు నడిచింది. ఆ తర్వాత నిలబడిపోయి, నోరు తెరిచి, శబ్దం లేకుండా ఏడ్చింది. ఊరి జనం గుమిగూడి చూస్తున్నారు.

కట్ చెప్పాను. కెమెరామన్ ముఖం చూస్తే అర్థమైంది. ఆమె ముందుకు వస్తుందని ఎవరికీ తెలియదు కదా. ఫోకస్ వెనకనున్న గుంజ మీద ఉండిపోయింది. చెంగమ్మ ముఖం మసక. "ఇంకొకటి తీసుకుందాం మేడం, లారీ వెనక్కి తెప్పిస్తాను" అన్నాడు. న్యాయమే. నేనే వెళ్ళి చెంగమ్మకు చెప్పాను. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని, నా వైపు చూసి అడిగింది.

"మళ్ళా ఏడవల్నా పాపా?"

కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఇంకో సాలు కలుపు తీయాలా అన్నట్టు అడిగింది. ఏడవమంటే ఏడవడానికి సిద్ధంగా నిలబడింది. ఇంటికొచ్చిన పిల్ల అడుగుతోంది, చేయాలి, అంతే. ఆమె నిజ జీవితంలో తన దూడను, తన ఎనుమును ఎప్పుడు అమ్ముకుందో నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేకపోయింది. "వద్దవ్వా, అయిపోయింది. పోయి కూర్చో" అన్నాను. కెమెరామన్ నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నిర్మాత ఎడిటింగు గదిలో ఆ షాటు చూసి, ఇది పనికిరాదు తీసెయ్ అన్నాడు. తీయలేదు. గుంజ స్పష్టంగా, మనిషి మసకగా ఉన్న ఆ షాటు సినిమాలో అలాగే ఉంది. దాని కోసం నేను పడిన తిట్లన్నీ మనసులో రూతక్క లెక్కలో వేశాను.

తిరుత్తణిలో ఒక చిన్న హాలు మాట్లాడి, మధ్యాహ్నం పూట ఊరివాళ్ళకు సినిమా చూపించాం. రూతక్క తిరునిన్రవూరునుంచి రైల్లో వచ్చింది. గొడుగు ఒళ్ళో పెట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. మధ్యలో ఫోన్ మోగితే లేచి బయటికి వెళ్ళి మాట్లాడి వచ్చింది. నేను గోడకు ఆనుకుని సినిమా చూడకుండా ఆవిడ వీపునే చూశాను. లారీ షాటు వచ్చినప్పుడు ఆవిడ కొంచెం ముందుకు వంగింది. ఇన్నేళ్ళకు, ఈ ఒక్క షాటు గురించైనా ఒక మాట అంటుంది అనుకున్నాను. అంతా అయిపోయాక అందరూ వచ్చి చేతులు పట్టుకున్నారు. ఆవిడ అందరూ వెళ్ళేదాకా ఆగి, దగ్గరికి వచ్చింది.

"ఆ ముసలామె దగ్గిర ఫోకస్ పోయింది మే."

నాకు అరవాలనిపించింది. "తెలుసక్కా! తెలుసు. ఆమె నిజంగా ఏడ్చింది. నేను మళ్ళీ అడగలేదు. అందుకే అలా ఉంది."

"అడగగూడదు" అంది ఆవిడ, అది మాట్లాడుకోవలసిన విషయమే కానట్టు. "అడగగూడదు గాబట్టే ముందే చూసుకోవల్ల. ఆమె చెయ్యి చూడలేదా నువ్వు? లారీ రాకముందే ఆ చెయ్యి ఎనుము పక్కకే పోతా ఉండాది. ముందుకొస్తాదని తెలవదా?"

అని గొడుగు తీసుకుని, రైలుకు టైమైందని వెళ్ళిపోయింది. బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. ఇప్పటికీ అనలేదు. ఆ సాయంత్రం ఆ షాటు మొదటినుంచీ మళ్ళీ వేసి చూశాను. ఆవిడ చెప్పింది నిజమే. లారీ ఫ్రేములోకి రాకముందే, పక్కకు వేలాడుతున్న చెంగమ్మ కుడిచెయ్యి ఎనుము వైపు రెండుసార్లు కదిలింది. మొదటి వరసలో గొడుగు పట్టుకుని కూర్చున్న మనిషికి ఒక్క చూపులో కనిపించింది. నెలల తరబడి దాన్నే ఎడిట్ చేసిన నాకు కనిపించలేదు.

అప్పటినుంచీ షాటు మొదలుపెట్టే ముందు నేను చాలాసేపు ఊరికే నిలబడతాను. నటుల చేతులు చూస్తాను, కాళ్ళు చూస్తాను, ఎవరు ఎటు కదలబోతున్నారో చూస్తాను. మూడుసార్లు ఫోకస్ సరిచూడమంటాను. యూనిట్ మొత్తం ఎండలో నిలబడి ఉంటుంది. నా దగ్గర కొత్తగా చేరిన దేవి అనే అమ్మాయి మంచి కాలేజీలో చదివొచ్చింది, చురుకైనది. మొన్న తిరువళ్ళూరు మేడలో ఓపిక నశించి అడిగేసింది. "అక్కా, తప్పితే ఇంకో టేక్ తీసుకుందాం కదా. ఇంతసేపు ఏం చూస్తున్నారు?" ఆ ప్రశ్నకు మంచి జవాబు చెప్పాలని నిజంగా ప్రయత్నించాను. చివరికి, సెట్టు మీద చుట్టాల వేషాల్లో ఉన్నవాళ్ళను చూపించి, పోయి పెళ్ళివాళ్ళలో కూర్చోమన్నాను.